ఇంటి సీసా

మా మెడికల్ కాలేజీ తరగతిలో నన్ను మైకు అంటారు. సంతోషం వచ్చినా కోపం వచ్చినా నా గొంతు నా మాట వినదు. మొదటి సంవత్సరంలో శవాన్ని కోసి గుండె తెరిచిన రోజు, లోపలి కవాటాలు చూసి నేను పెట్టిన కేకకు గేటు దగ్గరి కాపలా ఆయన పరిగెత్తుకొచ్చాడు. అందులో నా తప్పేమీ లేదు. అంత బాగున్నది చూసి నోరు మూసుకుని కూర్చోవడం నాకు చేతకాదు.

రెండో సంవత్సరంలో పాథాలజీ, అంటే జబ్బుల చదువు, మొదలయ్యాక నా ప్రేమంతా కిడ్నీల మీదకు మళ్ళింది. పిడికిలికి కాస్త పెద్దగా ఉంటుంది ఒక్కొక్కటీ. అందులో పది లక్షల వడపోతలు. ఒక్కో వడపోత కంటికి ఆనని రక్తనాళాల ఉండ, దాని కింద ఒక సన్నని గొట్టం. రెండు కిడ్నీలూ కలిసి రోజుకి నూట ఎనభై లీటర్లు వడకట్టి, పనికొచ్చేదంతా ఏరి వెనక్కి తీసుకుని, లీటరో లీటరున్నరో మాత్రం బయటికి పంపుతాయి. ఇది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదంటే నమ్మండి. మన ఒంట్లో ఇంత పని జరుగుతుంటే జనం మామూలుగా ఎలా తిరుగుతున్నారో నాకు అర్థం కాలేదు.

ఇంట్లో వినడానికి ఇద్దరే ఉన్నారు, అమ్మా అక్కా. అక్క నాకంటే ఆరేళ్ళు పెద్దది, సిటీ బస్సు నడుపుతుంది. ఆమెకు వేరే పిచ్చి ఉంది. మధ్యలో మడత పడే పొడుగు బస్సులు కొత్తగా డిపోకి వచ్చాయి. వాటికి ఇద్దరు డ్రైవర్లను ఎంపిక చేస్తారట. దానికి పరీక్ష ఉంది. భోజనం దగ్గర నేను కిడ్నీ గురించి చెబుతుంటే, అక్క గ్లాసునీ గిన్నెనీ ఒకదాని వెనక ఒకటి పెట్టి, మలుపులో తోక భాగం గోడకు తగలకుండా ఎలా తిప్పాలో చూపించేది.

"ఒకతేమో మూత్రం, ఒకతేమో మలుపులు. ముద్ద దిగనిస్తారా నన్ను?" అనేది అమ్మ.

ఇక మా పాథాలజీ మేడమ్ సంగతి చెప్పాలి. ఆమె పాతికేళ్ళుగా ఒక పద్ధతి పట్టుకుని వదలడం లేదు. మూత్రపరీక్ష ప్రాక్టికల్ రోజున ప్రతి విద్యార్థీ ఇంటి నుంచి ఒక సీసా తేవాలి. అది ఆరోగ్యంగా ఉన్న మనిషిది. ఆస్పత్రి వార్డు నుంచి ఇంకోటి వస్తుంది. రెండూ మైక్రోస్కోపు కింద పెట్టి చూసి, బొమ్మ గీసి, రికార్డులో ఎదురెదురు పేజీల్లో రాయాలి. "బాగున్నది ఎలా ఉంటుందో కంటికి అలవాటు కాకపోతే, బాగోలేనిది ఎదురుగా నిలబడినా గుర్తుపట్టలేరు" అంటుంది.

విద్యార్థులకూ పాతికేళ్ళుగా ఒక పద్ధతి ఉంది. ఇంటి సీసా పేజీని ముందురోజు సాయంత్రమే సీనియర్ల రికార్డు చూసి నింపేస్తారు. ఎర్రకణాలు లేవు, అచ్చులు లేవు, సాధారణం. అచ్చులంటే మూత్రంలో కనపడే గొట్టం ఆకారపు ముక్కలు. ప్రాక్టికల్‌లో ఆ సీసాలోది ఎవరూ చూడకుండానే సింకులోకి పోతుంది. నేనేమైనా తక్కువ తిన్నానా? కిడ్నీలంటే పడిచచ్చే నేను కూడా అంతే చేశాను. ఏమీ ఉండదని తెలిసిన చోట ఏం చూస్తాంలే అనుకున్నాను. గుండ్రని అక్షరాలతో "సాధారణం" అని రాసి, కింద గీత కూడా కొట్టాను.

నా సీసా నాదే అయ్యుండాల్సింది. కానీ ఆ రోజు నాకు నెలసరి. ఆ రోజుల్లో రక్తం కలుస్తుంది కాబట్టి పనికిరాదు. అమ్మను అడిగితే, "నా ఉచ్చ మీ కాలేజీ అంతా చూడాలా? సిగ్గులేకపోతే సరి" అని తలుపేసుకుంది. పొద్దున్నే డ్యూటీకి బయల్దేరుతున్న అక్క నా చేతిలోంచి సీసా లాక్కుని వెళ్ళి, నింపి తెచ్చి ఇచ్చింది.

"తీసుకో. నీ చదువుకి నా వంతు సాయం."

పాలు లేని టీ రంగులో ఉంది.

"నువ్వు నీళ్ళు తాగట్లేదక్కా" అన్నాను.

"తాగితే మధ్యలో ఎక్కడ దిగమంటావే? అరవై మందిని కూర్చోబెట్టి?" అని బూట్లు తొడుక్కుని వెళ్ళిపోయింది. నేను సీసాను సంచిలో వేసుకున్నాను. అంతకంటే నాకేమీ తట్టలేదు.

ప్రాక్టికల్ ఎనిమిదింటికి. ముప్పై మంది, పదిహేను బల్లలు, కిటికీల పొడుగునా మైక్రోస్కోపులు. వార్డు నుంచి వచ్చినవాటిని ల్యాబ్ బాబాయ్ ముందే గాజు గొట్టాల్లో పోసి ఉంచుతాడు. ఆయన ఆ ల్యాబ్‌లో టెక్నీషియన్. అందరం బాబాయ్ అనే పిలుస్తాం. ఆ గొట్టాన్ని గిర్రున తిప్పే యంత్రంలో ఐదు నిమిషాలు తిప్పితే మూత్రంలో ఉన్నవన్నీ అడుగుకి చేరతాయి. పైనున్నది పారబోసి, అడుగున మిగిలిన చుక్కను గాజుపలక మీద వేసి చూడాలి. యంత్రం ఊగకుండా తిరగాలంటే ఒక గొట్టానికి ఎదురుగా ఇంకో గొట్టం ఉండాలి. ఆ బరువు కోసమే మేం ఇంటి సీసాను వాడుకుంటాం. దానికి మేమిచ్చే గౌరవం అది.

నేను అక్క సీసాలోది ఒక గొట్టంలో పోశాను. దాని మీద గుర్తేమీ పెట్టలేదు. పారబోసేదానికి గుర్తెందుకు? వార్డు గొట్టానికి ఎదురుగా పెట్టి తిప్పాను. ఆ ఐదు నిమిషాలూ పక్క బల్ల మిత్రుడికి, ఎప్పుడూ ఆవలిస్తూ ఉంటాడని మేం నిద్రగన్నేరు అని పిలిచేవాడికి, కిడ్నీ ఎంత గొప్పదో చెబుతూనే ఉన్నాను. యంత్రం ఆగింది. మూత తీస్తే రెండు గొట్టాలూ ఒకేలా ఉన్నాయి. ఒకటి మాత్రం కాస్త రంగెక్కువ. రోగం ఉన్నది వార్డుదే కదా, ఇంకేం ఆలోచించాలి? ఆ ముదురు రంగుదే తీసి పైది పారబోసి, చుక్క వేసుకుని కూర్చున్నాను.

దీపం వెలుతురు తగ్గించి వెతకాలి. అచ్చుల్లాంటివి మంచినీళ్ళలో గాజుముక్కల్లా ఉంటాయి, వెలుతురు ఎక్కువైతే మాయమైపోతాయి. పలకను మెల్లగా జరిపాను. ఎర్రకణాలు కనపడ్డాయి. ఒకటి కాదు, బోలెడు. ఇంకా జరిపాను. అప్పుడు, ఆ గుండ్రటి వెలుతురు అంచులోంచి ఒకటి లోపలికి వచ్చింది. పొట్టి గొట్టంలా ఉంది, రెండు పక్కలూ తిన్నగా, చివర గుండ్రంగా. నిండా ఎర్రకణాలు, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ, ఇటుకరంగులో.

పుస్తకంలో బొమ్మ చూసి నేనెన్నిసార్లు ముచ్చటపడ్డానో అదే. ఎర్రకణాల అచ్చు!

"వచ్చేసింది! మేడమ్! అచ్చు! అచ్చుగుద్దినట్టు పుస్తకంలో ఉన్నదే!"

నిద్రగన్నేరు ఉలిక్కిపడి నిలబడ్డాడు. పదిహేను బల్లలూ ఇటు తిరిగాయి. మేడమ్ వచ్చి నా స్టూలు మీద కూర్చుని కన్ను పెట్టింది. చాలాసేపు తియ్యలేదు. ఆమె చెయ్యి మాత్రం మరను అటూ ఇటూ సన్నగా తిప్పుతోంది.

"ఏడాదికి ఒకసారి కూడా దొరకదిది. అందరూ వరసలో రండి. పలకను ఎవరూ కదపొద్దు" అంది.

వరస కట్టారు. ఆ వరస చూసి నా ఛాతీ ఎంత పొంగిందో! మేడమ్ అందరికీ చెబుతోంది. మూత్రంలో రక్తం ఎక్కడి నుంచైనా రావచ్చు. రాయి ఉన్నా వస్తుంది, మూత్రాశయంలో పుండున్నా వస్తుంది, నెలసరి కలిసినా వస్తుంది. అప్పుడు కణాలు విడివిడిగా ఉంటాయి. ఇలా గొట్టంలా అచ్చుపోసుకుని వచ్చిందంటే మాత్రం ఆ రక్తం కిడ్నీ లోపలి గొట్టంలో ఒలికిందన్నమాట. అంటే వడపోత చిరిగింది.

"ఇది కనపడ్డాక రేపు చూద్దాం అనకూడదు" అంది మేడమ్. "కొన్ని కిడ్నీలు ఏళ్ళ తరబడి పాడవుతాయి. కొన్ని వారాల్లో పోతాయి. ఏదో తెలిసేదాకా పరిగెత్తాల్సిందే."

నేను గులాబీరంగు, ఊదారంగు పెన్సిళ్ళు చెక్కుకుని బొమ్మ మొదలుపెట్టాను. నా జన్మలో అంత బాగా గీయలేదు. ప్రతి కణానికీ నీడ వేశాను. పాపం ఎవరో గానీ మంచి అచ్చు ఇచ్చాడు అని నవ్వుకుంటూ గీశాను. ఆ మాట పైకి కూడా అన్నాను. నిద్రగన్నేరు విన్నాడు.

పది కావస్తుండగా ల్యాబ్ బాబాయ్ గొట్టాలు సర్దడానికి వచ్చాడు. మా బల్ల దగ్గర ఆగాడు.

"ఏమ్మా మైకూ, నీ వార్డు గొట్టం ముట్టుకోనేలేదేంటి? నిండుగా అలాగే ఉంది."

"చూశాను కదా బాబాయ్. అందరూ చూశారుగా!"

"ఇదిగో, మా గొట్టాలకి అంచు కింద ఎర్ర పెన్సిల్‌తో గీత పెడతాను నేను. గీత ఉన్నది ఇక్కడే ఉంది. అది రేపటి హెర్నియా ఆపరేషన్‌కి వచ్చినాయనది. మూత్రంలో ఏముంటుంది? మీరు చూసి రాస్తున్నారో, చూడకుండా రాస్తున్నారో తెలియాలని ఏదో ఒక బల్లకి ఇలాంటిది పెట్టమన్నారు మేడమ్ గారే." నేను ఖాళీ చేసిన గొట్టాన్ని వెలుతురుకి పెట్టి తిప్పాడు. గీత లేదు. "ఇది నువ్వు ఇంటి నుంచి తెచ్చింది తల్లీ."

పెన్సిలు చేతిలోనే ఉంది. బొమ్మలో చివరి కణానికి నీడ వెయ్యడం మిగిలింది.

అంతసేపు నేను ఎగిరి గంతులేసింది అక్క రక్తం చూసి. ముప్పై మందిని వరస కట్టించి చూపించింది అక్క కిడ్నీ చిరుగు. నన్ను నేను చెంప మీద కొట్టుకోవాలనిపించింది.

మేడమ్ నా ముఖం చూసి దగ్గరికొచ్చింది. విషయం చెప్పాను. ఆమె నా సీసాలో మిగిలినదాంట్లో పరీక్ష కాగితం ముంచింది. చివరి గడి ముదురాకుపచ్చకి తిరిగింది. ప్రొటీను కూడా విపరీతంగా పోతోందని అర్థం.

"ఇంటి సీసా ఎవరిది?"

"మా అక్కది మేడమ్."

"ఈ రోజే తీసుకురా. సాయంత్రంలోగా. నేను కిడ్నీ డాక్టరుతో మాట్లాడి ఉంచుతాను."

డ్యూటీలో డ్రైవర్లు ఫోను డిపోలో పెట్టేస్తారు. అక్క బస్సు ఏ వేళకు ఎక్కడుంటుందో మాత్రం నాకు కంఠతా వచ్చు. తెల్లకోటు విప్పడం మరిచిపోయి రికార్డు చంకలో పెట్టుకుని పరిగెత్తాను. ఆస్పత్రి ముందు స్టాపులో రెండు బస్సులు వదిలేసి మూడోది ఎక్కాను. అద్దంలో అక్క కళ్ళు నన్ను చూసి పెద్దవయ్యాయి.

డ్రైవరు నెత్తి మీద పలక వేలాడుతోంది. బస్సు నడుస్తుండగా డ్రైవరుతో మాట్లాడరాదు. ఆ పలక ఎవరి కోసం రాశారో ఏమో గానీ, అక్క దాన్ని దేవుడి మాటలా పాటిస్తుంది. నేను నోరు తెరవగానే అద్దంలోంచే కళ్ళురిమింది. పద్నాలుగు స్టాపులు. నలభై నిమిషాలు. మైకు అని పేరున్న దాన్ని, నోట్లో అంత మాట పెట్టుకుని కమ్మీ పట్టుకుని నిలబడ్డాను.

"కూర్చోమ్మా, కాలుగాలిన పిల్లిలా ఏంటలా తిరుగుతావు?" అంది ముందు సీటు పెద్దావిడ.

కూర్చోలేదు. నిలబడ్డ చోటి నుంచి అక్క పాదాలు కనపడుతున్నాయి. బూటు తాళ్ళు ముడి విప్పి వదులుగా ఉన్నాయి. డ్యూటీలో అక్క తాళ్ళు ఎప్పుడూ బిగించే ఉంచుతుంది. అద్దంలో ముఖం చూశాను. కళ్ళ కింద ఉబ్బు. రోజూ పొద్దున చూస్తున్న ముఖమే. నిద్ర చాలక అనుకున్నాను ఇన్నాళ్ళూ. కిడ్నీ పాఠం నోటికి అప్పగించే నేను!

చివరి స్టాపులో జనం దిగారు. మళ్ళీ బయల్దేరడానికి తొమ్మిది నిమిషాలుంది.

"ఏమే, కాలేజీ ఎగ్గొట్టావా? ఎవరికేమైంది? అమ్మ బానే ఉందా?"

"అమ్మ బానే ఉంది. నీకే." రికార్డు తెరిచి స్టీరింగ్ మీద పెట్టాను. "ఇది చూడు."

"ఏంటిది? ఇటుకలు నింపిన గొట్టంలా ఉంది. బాగా గీశావు."

"నీ సీసాలోది."

అక్క నవ్వేసింది. "పో, ఎవరిదాంతోనో మార్చేసుంటావు. నీ సంగతి నాకు తెలీదా? ఉప్పు డబ్బాలో పంచదార పోసిన మనిషివి."

"నిజమే, మార్చేశాను. మార్చాను కాబట్టే తెలిసింది. కానీ ఇది నీదే. ల్యాబ్ బాబాయ్ చూశాడు, మేడమ్ చూసింది."

"అయితే నెలసరేమోలే. ఎల్లుండి రావాలి నాకు. ఒక్కోసారి ముందే కనపడుద్ది."

పొద్దున విన్న పాఠానికి అప్పుడే పని పడింది. "కాదు! ఆ రక్తమైతే కణాలు విడివిడిగా ఉంటాయి. ఇది చూడు, పక్కలు ఎంత తిన్నగా ఉన్నాయో. గొట్టంలో గడ్డకట్టి, ఆ గొట్టం ఆకారంలోనే బయటికొచ్చింది. అలాంటి గొట్టాలు కిడ్నీ లోపల తప్ప ఒంట్లో ఇంకెక్కడా లేవక్కా. నీ వడపోతలు చిరుగుతున్నాయి. ఈ రోజే ఆస్పత్రికి రావాలి."

అక్క నవ్వడం మానేసింది. రికార్డు మూసి నా చేతికిచ్చింది.

"తొమ్మిది రోజుల్లో పొడుగు బస్సు పరీక్ష. ఇప్పుడు సెలవంటే జాబితాలోంచి నా పేరు కొట్టేస్తారు. తొమ్మిది రోజులే కదా. అయిపోగానే నువ్వు ఎక్కడికి రమ్మంటే అక్కడికి వస్తా, ఒట్టు."

"వారాల్లో పోతాయంటుంటే తొమ్మిది రోజులంటావేంటి? బస్సుకైతే ఇంకో పరీక్ష పెడతారు. కిడ్నీకి పెడతారా?"

ఇది నేను ఏ గొంతుతో అన్నానో చెప్పక్కర్లేదు. బస్సుల టైము రాసుకునే ఆయన తన గది కిటికీలోంచి తల బయటపెట్టాడు. పక్క బస్సు డ్రైవరు పేపరు మడిచాడు. అక్కకి ముఖం కందిపోయింది.

"అరవకు. నేను పనిచేసే చోటిది."

కింద కూర్చుని ఆమె ప్యాంటు పైకి మడిచి, మేజోడు కిందికి లాగి, కాలి ముందెముక మీద నా బొటనవేలు గట్టిగా నొక్కి పట్టుకున్నాను. మనసులో ఇరవై లెక్కపెట్టి వేలు తీశాను.

గుంట పడింది. అక్క దాన్ని చూస్తూ ఉంది, పూడుతుందేమోనని. పూడలేదు. వంగి తన వేలు ఆ గుంటలో పెట్టి చూసింది. తర్వాత రెండో కాలికి తనే నొక్కింది. అక్కడా పడింది.

"ఎన్నాళ్ళయిందక్కా?"

"రెండు వారాలు. బూట్లు బిగుతయ్యాయి, కొత్త జత కొనాలనుకున్నా." గొంతు తగ్గింది. "మూత్రం నురగ కూడా వస్తోందే. చెప్తే నువ్వు గోల చేస్తావని చెప్పలేదు."

ఆమె బస్సు దిగి నేరుగా టైము రాసుకునే ఆయన కిటికీ దగ్గరికి నడిచింది. నాలుగేళ్ళలో ఒక్క ట్రిప్పు వదిలిపెట్టని మనిషి. "ఈ ట్రిప్పు నేను తిప్పలేనండి. వేరే వాళ్ళని పిలవండి" అని తాళం చెవి గట్టు మీద పెట్టింది. కొత్త డ్రైవరు వచ్చేదాకా బస్సు వైపే చూస్తూ నిలబడింది. నాకు ఏడుపొచ్చింది. కానీ లోలోపల గెలిచాననే సంతోషం కూడా ఉంది, అది దాచి ఏం లాభం?

ఆ సాయంత్రమే రక్తపరీక్ష. ఒంట్లో మురికి ఎంత పేరుకుందో చెప్పే క్రియాటినిన్ అనే అంకె ఒకటుంటుంది. నాలుగు నెలల కిందట డిపో వాళ్ళు చేయించిన పరీక్షలో అక్కకి అది సున్నా పాయింటు ఎనిమిది. ఇప్పుడు రెండు పాయింటు ఆరు. కిడ్నీ డాక్టరు గారు సన్నగా, తొందర లేకుండా మాట్లాడే మనిషి. ఆ అంకె చూశాక ఆయన కూడా కుర్చీలోంచి లేచాడు. మర్నాడు పొద్దున్నే వీపులోంచి సూదితో కిడ్నీలోంచి దారంలాంటి ముక్క తీశారు. దాన్నే బయాప్సీ అంటారు. ముక్కను పొరలుగా కోసి, రంగులద్ది చూస్తే ఎన్ని వడపోతలు పోయాయో, ఎన్ని మిగిలాయో తెలుస్తుంది. అక్కకి ముందు ముందు ఏమవుతుందో ఆ పలకలోనే ఉంది.

పలక మేడమ్ బల్ల మీదకి వచ్చింది. రక్తసంబంధం ఉన్నవాళ్ళ పలకను ఎవరూ చదవకూడదని ఆమె నియమం. నేను గది బయట గోడకానుకుని నిలబడ్డాను. తలుపు తెరుచుకుంది.

"లోపలికి రా. నువ్వు చదవొద్దు. నేను చదువుతాను, నువ్వు లెక్కపెట్టు."

ఇద్దరు ఒకేసారి చూసే మైక్రోస్కోపది. అటు ఆమె, ఇటు నేను. గులాబీరంగు గొట్టాల మధ్య మొదటి వడపోత వచ్చింది. దారపు ఉండలా, చుట్టూ తెల్లటి ఖాళీతో, ఎంత అందంగా ఉందో!

"బాగుంది" అంది మేడమ్.

"ఒకటి" అన్నాను.

"బాగుంది."

"రెండు."

మూడోదాని దగ్గర ఆమె చెయ్యి ఆగింది. చుట్టూ ఉండాల్సిన ఖాళీలో ఒక పక్క కణాలు గుమిగూడి, నెలవంక ఆకారంలో ఆ రక్తనాళాల ఉండను నొక్కేస్తున్నాయి. దాన్ని నెలవంక అనే అంటారు. అది వచ్చిన వడపోత ఊపిరాడక పోతుంది. నెలవంక పచ్చిగా, కణాలతో ఉన్నంతకాలం మందుకు కరుగుతుంది. మచ్చకట్టి గట్టిపడితే ఇక ఏ మందూ పనిచేయదు.

"నెలవంక. పచ్చిదే" అంది మేడమ్.

అలా చివరిదాకా వెళ్ళాం. నా గొంతు ఎక్కడ పెరిగిందో నాకు తెలీదు. పదహారు అనేసరికి బయట వరండాలో వినపడిందట. మొత్తం ఇరవై మూడు. నెలవంకలు ఆరు. ఆరూ పచ్చివే. గట్టిపడ్డది ఒక్కటీ లేదు!

"పదిహేడు బాగున్నాయి మేడమ్! పదిహేడు!" అని ఆమె చెయ్యి పట్టేసుకున్నాను. ఆమె విడిపించుకోలేదు.

"తొమ్మిది రోజులాగి తీసుంటే..." అని ఊరుకుంది.

నాకు సగం మాటలంటే గిట్టవు. ఆ సగం నేనే నింపుకున్నాను. ఆరు పన్నెండయ్యేవి. వాటిలో కొన్ని గట్టిపడేవి. అక్క వారానికి మూడుసార్లు డయాలసిస్ యంత్రం పక్కన పడుకునేది.

అప్పుడే మేడమ్‌కు నిజం చెప్పేశాను. రికార్డు తెరిచి, ముందురోజే నింపేసిన ఇంటి సీసా పేజీ చూపించాను. ఎర్రకణాలు లేవు, అచ్చులు లేవు, సాధారణం. కింద గీత.

"ఆ గొట్టాలు సరిగ్గా చూసుకుని ఉంటే ఏం చేసేదానివి?" అని అడిగింది మేడమ్.

"వార్డుది చూసేదాన్ని. అందులో ఏమీ లేదని ముఖం మాడ్చుకునేదాన్ని. ఇంటిది సింకులో పోసేదాన్ని మేడమ్."

నేను తెలివితో పట్టుకోలేదు, ప్రేమతోనూ పట్టుకోలేదు. పొరపాటు చేశాను కాబట్టి పట్టుకున్నాను. పొరపాటు చెయ్యకపోయి ఉంటే, అక్క రక్తం ఆ సింకులోంచి పోతుంటే నేను పక్కనే నిలబడి కిడ్నీ ఎంత గొప్పదో ఉపన్యాసం ఇస్తూ ఉండేదాన్ని.

మేడమ్ కోప్పడుతుందనుకున్నాను. పేజీ చింపి కొత్తది రాసివ్వనా అని అడిగాను.

"చింపకు. ఉండనీ. ఆ పేజీ మీద సంతకం ఇప్పుడు పెట్టను. మీ అక్క సీసా మళ్ళీ ఎప్పుడు తెస్తావో, ఎప్పుడు చూసి రాస్తావో, అప్పుడు పెడతాను."

మందులు మొదలయ్యాయి. సొంత ఒంటి రక్షక కణాలే వడపోతల మీద దాడి చేస్తున్నాయట, వాటిని అణచే మందు సెలైన్‌లో మూడు రోజులు ఎక్కించారు. తర్వాత దోసిలికి సరిపడా మాత్రలు. ఆ మందుల వల్ల అక్క ముఖం గుమ్మడికాయలా ఉబ్బింది. "డ్రైవింగ్ లైసెన్సు ఫొటో మార్చాలే, పోలీసులు నన్ను నేనని నమ్మరు" అనేది. క్రియాటినిన్ రెండుకి దిగింది. ఒకటిన్నరకి దిగింది. దిగిన ప్రతిసారీ నేను ఇల్లు ఎగిరిపోయేలా అరిచాను, అమ్మ కిటికీలు మూసింది. పొడుగు బస్సు పరీక్ష అక్క లేకుండానే జరిగిపోయింది. ఆ రోజు మాత్రం ఆమె భోజనం దగ్గర గ్లాసునీ గిన్నెనీ ముట్టుకోలేదు. నేనే వాటిని ఒకదాని వెనక ఒకటి పెట్టి, తోక గోడకు గుద్దించాను. "అలా కాదే మొద్దూ" అని లాక్కుంది.

నాలుగు నెలలయ్యాక ఒక పొద్దున సీసా చేతికిచ్చింది. ఎండుగడ్డి రంగులో తేటగా ఉంది. సీసా మీద ఒక గుర్తు, గొట్టం మీద ఒకటి, గాజుపలక మీద ఒకటి పెట్టాను. ఎదురు బరువుకి ఇంకో గొట్టంలో మంచినీళ్ళు పోశాను. మేడమ్ అనుమతి తీసుకుని కిటికీ పక్క మైక్రోస్కోపు దగ్గర కూర్చున్నాను.

వెలుతురు తగ్గించాను. ఒక మూల నుంచి మొదలుపెట్టి, వరస తర్వాత వరస, ఒక్క చోటు వదలకుండా జరిపాను. నా జీవితంలో దేన్నీ అంత భయంతో వెతకలేదు. ఎర్రకణాలు ఒక చోట రెండు. ఆ మాత్రం ఎవరికైనా ఉంటాయి. అచ్చు ఉందా? లేదు. ఇంకో వరస. లేదు. పలక చివరికి వచ్చాను. నమ్మకం కుదరక ఇంకో చుక్క వేసి మళ్ళీ మొదటి నుంచి చూశాను. గంట పట్టింది. అంతా ఖాళీ. బూడిదరంగు వెలుతురు, అక్కడక్కడ ఒక చర్మకణం తేలుతూ. ఇంత అందమైనది నేను ఎప్పుడూ చూడలేదు.

"ఏమీ లేదు!" అని అరిచాను. "అందరూ రండి! ఏమీ లేదు! వచ్చి చూడండి!"

వచ్చారు. నిజంగానే వరస కట్టారు. నిద్రగన్నేరు అందరికంటే ముందు కన్ను పెట్టి, ఏమీ లేనిదాన్ని చాలాసేపు చూశాడు. ల్యాబ్ బాబాయ్ కూడా కళ్ళద్దాలు నుదుటి మీదకి తోసుకుని చూశాడు.

అక్కకి ఫోను చేశాను. ఇంకా డ్యూటీలో చేరలేదు కాబట్టి మొదటి మోతకే ఎత్తింది.

"చెప్పక్కర్లేదు, ఇక్కడిదాకా వినపడింది" అంది. ముక్కు ఎగబీల్చి, "నా ఉచ్చ మళ్ళీ కాలేజీ అంతా చూసిందా?" అంది.

"చూసింది."

"సర్లే. వచ్చే నెల డిపోలో ఇంకో పరీక్ష పెడుతున్నారు. పేరు రాయించనా?"

"రాయించు!" అన్నాను. ఈసారి కాపలా ఆయన పరిగెత్తుకొచ్చాడో లేదో నేను చూడలేదు.

రికార్డులో ఆ పాత పేజీ తెరిచాను. నేను అప్పుడు రాసిన మూడు మాటల కింద కొత్త తేదీ వేసి, మళ్ళీ అవే మూడు మాటలు రాశాను. ఎర్రకణాలు అన్నచోట మాత్రం ఈసారి లేవు బదులు రెండు అని రాశాను. మేడమ్ కలం తీసుకుని, పైదాన్నీ కిందదాన్నీ చదివి, కిందదాని పక్కన మాత్రం సంతకం పెట్టింది.